హుల్డా తలుపు వేసిన మంగళవారం

ఎల్క్ ఫోర్డ్, మినెసోటా
1954 జనవరి 17, ఆదివారం

ఒరేయ్ ఆర్విడ్,

బుధవారం పేపర్లో నీ బొమ్మల కథ చూశాను. హుల్డా బంగాళాదుంప రొట్టెలు మాడ్చి, పొగ బయటికి పోవడానికి కిటికీ తీస్తే, ఊళ్లో వాళ్లంతా బకెట్లతో నీళ్లు పట్టుకుని వచ్చేశారు. బాగుంది. హుల్డాకు నా కళ్లజోడు పెట్టావు, నా కొప్పు పెట్టావు, నా నోరు కూడా పెట్టావు. ఇప్పుడు నా మాడిన రొట్టెలు కూడా దేశం మీదికి వదిలావు. పొద్దున్న రైల్వే వాళ్లు నా హోటలుకి టిఫిన్‌కి వస్తూ వస్తూ బకెట్టు పట్టుకొచ్చారు. ఖాళీ బకెట్టేలే. అందరికీ కాఫీ ఆలస్యంగా ఇచ్చాను.

అయినా అది నవంబరులో మాడిన రొట్టె కదరా! ఇప్పుడెందుకు గుర్తొచ్చింది నీకు?

మన ఊరి డెయిరీకి కొత్తగా వెన్న తీసే ఆయన వచ్చాడు. పేరు సివర్ట్. భార్య పోయి ఆరేళ్లయిందట. రోజూ మధ్యాహ్నం వచ్చి హోటల్లో చివరి స్టూలు మీద కూర్చుంటాడు. మాట్లాడడు. చెవులు మాత్రం చేటలంత. వెళ్లేటప్పుడు బల్ల మీద కాగితంలో చుట్టిన వెన్న పెట్టి పోతాడు. "ఇదెందుకండీ?" అని అడిగితే, "మిగిలిపోయిందండి" అంటాడు. డెయిరీలో వెన్న మిగిలిపోవడమేమిటి, నాకర్థం కాదు.

మే నెలలో చర్చి సంత ఉంది. నువ్వు చేత్తో గీసిన అసలు బొమ్మ ఒకటి పంపితే వేలం వేస్తారట. మర్చిపోకు.

మీ అక్క,
రాగ్నా


చికాగో
జనవరి 25

అక్కా,

కోపం తగ్గాక చదువు. నువ్వు ఈ రోజు పేపర్లో చూసే బొమ్మ నేను ఆరు వారాల కిందట వేసినది. ఇక్కణ్నుంచి నూట అరవై మూడు పత్రికలకు అచ్చుపలకలు పోవాలి, వాళ్లు వాటిని దాచుకుని రోజుకొకటి వేసుకోవాలి. అందుకే మా బతుకంతా ఆరు వారాలు ముందు. వీధిలో మంచు పారతో ఎత్తి పోస్తుంటే నేను గదిలో కూర్చుని వసంతం బొమ్మలు వేస్తున్నాను. పక్కింటావిడ మొన్న "హ్యాపీ న్యూ ఇయర్" అంటే, నేను "ఈస్టర్ శుభాకాంక్షలు" అన్నాను. ఆవిడ తలుపు వేసేసుకుంది.

చర్చి వాళ్లకు బొమ్మ తప్పకుండా పంపిస్తాను. నా వేళ్లకు ఎప్పుడూ లేత నీలం అంటుకుని ఉంటుంది, చూశావుగా? ముందు నీలం పెన్సిల్‌తో గీసుకుంటాం, దాని మీద నల్ల సిరాతో దిద్దుతాం. అచ్చు కెమెరాకు ఆ నీలం కనిపించదు కాబట్టి చెరపం. ఇరవై రెండేళ్లుగా ఆ నీలంతోనే కాపురం చేస్తున్నాను. ఇప్పుడు నా కంటికి కూడా అది కనిపించడం మానేసింది.

నువ్వు ఎప్పుడూ అడగలేదు కానీ ఒక సంగతి చెబుతాను. నేను మొదటి ఏడేళ్లూ ఇంకొకాయన వేసే బొమ్మల కథలో డిటెక్టివ్ టోపీకి నల్లరంగు పూశాను. ఆయన తుపాకులు వేస్తే నేను "ఢాం" అని రాశాను. ఒకరోజు మా ఎడిటర్ పీబాడీ గారు "నీ సొంతది ఏమైనా ఉందా?" అని అడిగాడు. జేబులో నీ ఉత్తరం ఉంది. సూపులో ఉప్పు లేదన్నాయన కోటు జేబులో నువ్వు ఉప్పుడబ్బా పెట్టి ఇంటికి పంపిన ఉత్తరం. అదే గబగబా నాలుగు గళ్లలో గీసి ఇచ్చాను. పీబాడీ గారు నవ్వాడు. ఆయన నవ్వడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదట. "హుల్డా హోటలు" అలా పుట్టింది. పదిహేనేళ్లయింది.

ఆ వెన్నాయన గురించి ఇంకా రాయి. మిగిలిపోయిన వెన్న, ఎంత బాగుందో!

తమ్ముడు,
ఆర్విడ్


ఎల్క్ ఫోర్డ్
ఫిబ్రవరి 7, ఆదివారం

ఒరేయ్,

సివర్ట్ గారు నన్ను చేపలు పట్టడానికి రమ్మన్నారు. చెరువు మీద మంచుకు కన్నం చేసి, పైన గుడిసె వేసి, లోపల పొయ్యి పెట్టి కూర్చుంటారు చూడు, అక్కడికి. నేను నాలుగు రొట్టెలు, సాసేజీలు కట్టుకుని వెళ్లాను. ఆయన గాలమూ తెచ్చారు, దారమూ తెచ్చారు, ఎర మాత్రం మరిచిపోయారు. ఒక గంట నీళ్లకేసి చూశాం. తర్వాత ఆయన నిద్రపోయారు. నిద్రలో చర్చి పాట సన్నగా తీస్తున్నారు, మంద్రంలో. లేపబుద్ధి కాలేదు. సాసేజీలన్నీ నేనే తినేశాను.

లేచాక ఆయన అన్నమాట: "ఇంత బాగా చేపలు పట్టడం నాకిదే మొదటిసారండి."

నిన్న తెచ్చిన వెన్న మీద పువ్వు అచ్చు ఉంది. చెక్క అచ్చు ఆయనే చెక్కారట. దాన్ని కత్తి పెట్టి కోయడానికి నాకు మనసు రాలేదు. కిటికీ బయట చలిలో పెట్టాను. అక్కడే ఉంది.

నాకు యాభై ఒకటి. ఈ వయసులో ఇవన్నీ ఏమిటని నువ్వు నవ్వుతావు, నవ్వుకో. కానీ ఒక్క మాట విను. పదిహేనేళ్లుగా నా రొట్టెలూ, నా తగాదాలూ, నా జారిపడడాలూ అన్నీ తీసుకున్నావు. ఒక్కసారి కూడా అడగలేదు, నేను కూడా అనలేదు. ఇది మాత్రం నీ గళ్లలో పెట్టకు. ఇది నాది.

రాగ్నా


చికాగో
ఫిబ్రవరి 15

అక్కా,

పెట్టను. మాటిస్తున్నాను.

ఇక్కడ చలి బాగా ఉంది. పీబాడీ గారికి పన్ను నొప్పి, అందుకని అందరికీ నొప్పి. హుల్డా హోటల్లోకి ఒట్టో అని కొత్తవాడు వస్తున్నాడు. చీజ్ అమ్ముకుంటాడు. నీకు తెలిసినవాడు కాదులే.

కిటికీ బయట పెట్టిన వెన్న ఉడతలు తినేస్తాయి, లోపల పెట్టుకో.

ఆర్విడ్


ఎల్క్ ఫోర్డ్
ఏప్రిల్ 4, ఆదివారం

ఆర్విడ్,

రెండు వారాలుగా పేపరు చూస్తున్నాను. నీ ఒట్టో గారు చీజ్ అమ్ముతాడు సరే, ఆ చెవులేమిటి? మంచు మీద నిద్రపోయి కన్నంలో పడడమేమిటి? రోజూ "మిగిలిపోయింది" అని చీజ్ ముక్క పెట్టి పోవడమేమిటి? హుల్డా ఆ ముక్క ఎలుకలబోనులో పెట్టడమేమిటి?

ఊరంతా ఒకటే నవ్వు. పోస్టాఫీసులో మార్గిట్ చెవుల దగ్గర రెండు చేతులూ పెట్టి ఊపి చూపించింది. సివర్ట్ గారు మాత్రం ఎప్పటిలాగే వచ్చారు, తిన్నారు, వెన్న పెట్టారు. ఆయన మీద నాకు అప్పుడే గౌరవం పెరిగింది.

పోయిన ఆదివారం చర్చి మెట్ల మీద ఆయన నన్ను పెళ్లి చేసుకోమని అడిగారు. టోపీ చేతిలో పట్టుకుని, గుండ్రంగా తిప్పుతూ అడిగారు. నేను "రెండు రోజులు టైమివ్వండి" అన్నాను. ఇష్టం లేక కాదురా. ఎవరితోనైనా పోట్లాడమంటే పోట్లాడతాను కానీ, ఔనని చెప్పడం నాకు అలవాటు లేదు.

మంగళవారం వచ్చింది. కొత్త ఏప్రన్ కట్టుకున్నాను. ఆ పొద్దున్నే పేపరు కూడా వచ్చింది. నీ హుల్డా గుమ్మంలో నిలబడి, ఒట్టో ముఖం మీద ధడాలున తలుపు వేసింది. మాటల బుడగలో ఏం రాశావో గుర్తుందా? "నా వంటింట్లో ఒక్క మనిషికే చోటుంది!"

ఆ మధ్యాహ్నం చివరి స్టూలు ఖాళీగా ఉంది. బుధవారం కూడా. గురువారం డెయిరీ నుంచి ఒక చీటీ వచ్చింది: "మీ జవాబు పేపర్లో చూశానండి. ఇబ్బంది పెట్టినందుకు మన్నించండి."

ఈ ఊళ్లో అందరికీ ఒకటే లెక్క, హుల్డా అంటే నేనే. నేను నీకు రాశాననీ, నువ్వు నా తరఫున పేపర్లో జవాబు వేశావనీ ఆయన అనుకున్నారు. నాకు తల కొట్టేసినట్టుంది. డెయిరీ గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి తిరిగొచ్చాను. వెళ్లి ఏం చెప్పాలి? "మా తమ్ముడు ఆరు వారాల కిందట వేశాడండీ" అంటే నమ్ముతారా? నేను నమ్ముతున్నాను. మీరు ఆరు వారాలు ముందు నడుస్తారు, ఆయన అడుగుతారని నీకెలా తెలుస్తుంది? పొరపాటున కుదిరింది. కానీ ఆ చెవులు పొరపాటు కాదు. నువ్వు మాటిచ్చావు.

రాగ్నా


చికాగో
ఏప్రిల్ 9

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. పొరపాటేనే, నిజంగా పొరపాటే. చెవులు పెద్దగా ఉన్నవాళ్లు లోకంలో ఎంతమంది లేరు? ఒట్టో వేరు, సివర్ట్ గారు వేరు. చీజ్ వేరు, వెన్న వేరు.

ఆపమంటావేమో, ఎలా ఆపను? మే నెల మూడో వారం దాకా అచ్చుపలకలు పోస్టులో వెళ్లిపోయాయి. నూట అరవై మూడు ఊళ్లలో అలమార్లలో కూర్చుని ఉన్నాయి. వెనక్కి రమ్మంటే రావు. నన్ను తిట్టుకో.

చర్చి సంతకి బొమ్మ పార్సిల్ చేస్తున్నాను. తొందరలో గుట్టలో పైనున్నది తీశాను. ఆ మంగళవారందే. దాన్ని చూస్తే నీకు ఒళ్లు మండుతుందని తెలుసు, కానీ మా ఆఫీసులో అందరూ అదే బాగుందన్నారు కాబట్టి వేలంలో బాగా పోతుంది. నువ్వు చూడకుండా చర్చి వాళ్లకి ఇచ్చెయ్.

ఆర్విడ్


ఎల్క్ ఫోర్డ్
ఏప్రిల్ 15

ఆర్విడ్,

చూడకుండా ఇచ్చేసేదాన్నే. కానీ దాని మీద వెన్న మరక పడిందేమోనని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను.

నీ కంటికి నీలం కనిపించడం మానేసిందేమో, నాకు మాత్రం బాగా కనిపిస్తోంది.

మొదటి గడిలో ఒట్టో తల పక్కన నీ చేతిరాత ఉంది, నీలం పెన్సిల్‌తో: "సివర్ట్. చెవులు ఇంకా పెద్దవి."

చివరి గడిలో సిరాతో హుల్డా తలుపు వేసి ఉంది. ఆ సిరా కింద, నీలంలో, తలుపు తీసి ఉంది. హుల్డా చెయ్యి చాపి ఉంది. ఆ చెయ్యి ఎంత బాగా వేశావు! బుడగలో ముందు రాసింది కూడా చదవగలిగాను: "లోపలికి రండి. కాఫీ వేడిగా ఉంది."

ముందు నువ్వు తలుపు తీసే వేశావు. తర్వాత మూశావు.

ఎందుకు?

రాగ్నా


చికాగో
ఏప్రిల్ 20

అక్కా,

అడ్డంగా దొరికిపోయాను. ఈసారి నిజం రాస్తాను.

ఆ బొమ్మ వేసింది ఫిబ్రవరి పదహారున. నీకు మాటిచ్చిన మర్నాడు. ఒట్టో అప్పటికే పుట్టేశాడు, వారం రోజుల బొమ్మలు వెళ్లిపోయాయి. నీ ఉత్తరం చదివాక వాడిని రైలెక్కించి పంపేస్తే పోయేది. పంపలేదు. నీ వెన్న పువ్వు గురించి చదువుతుంటే నాకు సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే తలుపు తీసి ఉన్న బొమ్మ గీశాను. పీబాడీ గారు అటువైపు పోతూ చూసి, "ఓహో, హుల్డాకు పెళ్లా? బాగుంటుందయ్యా!" అన్నాడు. ఆయన పోయాక ఆ మాట నా చెవిలోనే ఉండిపోయింది. పెళ్లి. పెళ్లయితే నువ్వు ఆదివారం మధ్యాహ్నాలు నాకెందుకు రాస్తావు? నీ మాటలు వినడానికి ఎదురుగా మనిషి ఉంటాడు.

నాకు జోకులు రావక్కా. ఒక్కటీ రాదు. పదిహేనేళ్లలో నా బుర్రలోంచి పుట్టినది ఏదైనా ఉంటే అది ఆ ఎలుకలబోను ఒక్కటే, అది కూడా బాగాలేదు. మిగతావన్నీ నీ ఉత్తరాలే. ఈ ఆఫీసులో నన్ను గొప్ప హాస్యగాడినంటారు. భోజనాల దగ్గర నోరు తెరిస్తే బయటపడిపోతానని తలూపుతూ కూర్చుంటాను. నువ్వు రాయడం మానేస్తే నేను మళ్లీ ఎవరో ఒకరి టోపీకి నల్లరంగు పూసుకోవాల్సి వస్తుంది. భయమేసింది. ఆ భయంలో సిరా తీసుకుని తలుపు మూసేశాను. నీ తలుపని తెలుసు. తెలిసే మూశాను.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. నేను రైలెక్కి వస్తాను. సివర్ట్ గారి ముందు నిలబడి అంతా చెబుతాను. లేదంటే జూన్‌లో హుల్డాకూ ఒట్టోకూ పెళ్లి చేసేస్తాను. నూట అరవై మూడు పత్రికల్లో. ఏది చెయ్యమంటే అది చేస్తాను.

నీ తమ్ముడు


ఎల్క్ ఫోర్డ్
ఏప్రిల్ 25, ఆదివారం

ఒరేయ్ వెధవా,

నువ్వు జూన్ దాకా ఆగమంటే నేను ఆగుతానా? నీ ఉత్తరం శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. హోటల్లో ఏడుగురు సూపు తింటున్నారు. "మీరే వడ్డించుకోండి, గిన్నెలు మీరే కడుక్కోండి" అని చెప్పి, ఏప్రన్‌తోనే, ఆ బొమ్మ చంకలో పెట్టుకుని డెయిరీకి పోయాను.

సివర్ట్ గారు వెన్న చిలికే పీపా పక్కన రబ్బరు బూట్లతో నిలబడి ఉన్నారు. నన్ను చూసి టోపీ తీశారు. నేను నమస్కారం కూడా చెప్పలేదు.

"కళ్లజోడు పెట్టుకోండి" అన్నాను.

పెట్టుకున్నారు. బొమ్మ కిటికీకి ఆనించి, నీలం గీతలు వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూశారు. వెన్న పీపా ఆగిపోయింది, పక్కనున్న ఇద్దరు పనివాళ్లు కూడా ఆగిపోయారు.

"చెవులు బాగానే పట్టాడండి మీ తమ్ముడు" అన్నారు.

"చెవుల సంగతి కాదండీ! చివరి గడి చూడండి."

చూశారు. "ఇందులో ఏది ముందు వేశాడండి?"

"నీలమే ముందు. తలుపు తీసి ఉన్నదే ముందు. మూసింది వాడు. నేను కాదు. మీరు అడిగిన సంగతి అప్పటికి నేను వాడికి రాయనే లేదు."

"మరి మీ జవాబేంటండి?"

ఔనని చెప్పడం నాకింకా అలవాటు కాలేదురా. అప్పుడు ఆ బుడగ మీద వేలు పెట్టాను. ఆయన వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు: "లోపలికి రండి. కాఫీ వేడిగా ఉంది." చదివాక చెవులు రెండూ ఎర్రబడ్డాయి. మిగతా ముఖం కంటే ముందు అవే ఎర్రబడతాయి, ఆ సంగతి నీకు తెలియదు. ఎక్కడా వేయకు.

"నిజంగా వేడిగా ఉందాండి?" అన్నారు.

"ఏడుగురు తాగేసి ఉంటారు. మళ్లీ పెడతాను" అన్నాను.

మే పదిహేను, శనివారం, పెళ్లి. నువ్వు చెప్పిన లెక్క ప్రకారం ఆ రోజు పేపర్లో కూడా నీ హుల్డా ఒట్టోని ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది. "ఏం చేస్తుంది?" అని సివర్ట్ గారు అడుగుతున్నారు. ముందే చెప్పు, పెళ్లిలో అందరికంటే ముందు మేమే నవ్వాలి.

ఇక నీ సంగతి. నిన్ను క్షమించానని అనుకోకు. పెళ్లి రోజున గిన్నెలన్నీ నువ్వే కడగాలి. నూట పది మంది వస్తున్నారు. రెండోది, హుల్డాకు పెళ్లి చెయ్యకు. పెళ్లి నాది. హుల్డా నీది, దాన్ని అలాగే ఉండనివ్వు, పోట్లాడుకోనివ్వు. ఇక మీదట మా ఇంటి సంగతి ఏదైనా కావాలంటే ముందు అడుగు. నేను సరేనంటేనే వెయ్యి.

మూడోది బుద్ధిగా విను. పెళ్లయితే నా నోరు పడిపోతుందని ఎవరు చెప్పార్రా నీకు? ఇన్నేళ్లుగా నా మాటలు నువ్వొక్కడివే విన్నావు. ఇప్పుడు ఇంట్లో ఒక మనిషి ఉంటాడు, రోజూ ఏదో ఒకటి మరిచిపోతాడు, నిద్రలో పాడతాడు. ఆయన మీద చాడీలు నేనెవరితో చెప్పుకోవాలి? ప్రతి ఆదివారం రాస్తాను. నువ్వే చదవలేక చావాలి.

చర్చి వాళ్లకు ఇంకో బొమ్మ పంపు. ఇది ఇవ్వను.

అక్క


చికాగో
మే 22

అక్కా, బావగారూ,

చేతులు ఇంకా నానిపోయే ఉన్నాయి. నూట పది మంది అన్నావు, నేను కడిగిన పళ్లేలు రెండు వందల పద్నాలుగు. మార్గిట్ ఒక్కతే నాలుగు పళ్లేలు మార్చింది. పెళ్లి రోజు పేపర్లో హుల్డా ఒట్టో నెత్తి మీద పిండి బస్తా గుమ్మరించింది కదా, అది చూసి బావగారు కోటు మీద పిండి చల్లుకుని చర్చికి రావడం నా జన్మలో మరిచిపోను. ముందు అడగమన్నావు కాబట్టి అడుగుతున్నాను: అది వేసుకోవచ్చా?

రైలు దిగి నేరుగా ఆఫీసుకి వెళ్లి పీబాడీ గారితో చెప్పాను, జోకులన్నీ మా అక్కవేనని. నా ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "నీకు జోకులు రావని భోజనాల దగ్గర ఎప్పుడో తెలిసిపోయిందయ్యా. గీత మాత్రం నీదేగా?" అన్నాడు. పదిహేనేళ్లు తలూపుతూ అనవసరంగా కష్టపడ్డాను.

ఒట్టోని రేపు రైలెక్కించేస్తున్నాను. ఈ రోజు వేసిన బొమ్మ జులై మూడున వస్తుంది. అందులో పెద్ద జోకేమీ లేదు. అచ్చయ్యాక అసలుది నీకు పోస్టులో వస్తుంది. తొందరలో గుట్టలోంచి తీసింది కాదు.

ఆర్విడ్


ఎల్క్ ఫోర్డ్
జులై 11, ఆదివారం

ఒరేయ్ ఆర్విడ్,

పిండి సంగతి వేసుకో. సివర్ట్ గారు ఒప్పుకున్నారు.

జులై మూడు పేపరు చూసి మార్గిట్ మొహం చిట్లించింది. "ఇదేం జోకమ్మా? హుల్డా ఒక్కతే బల్ల తుడుచుకుంటోంది, కాఫీ పోసుకుంటోంది, కూర్చుంటోంది. మీ తమ్ముడికి సరుకు అయిపోయిందా?" అంది. "ఎండలకి వాడి బుర్ర వేడెక్కిందిలే" అన్నాను.

గురువారం అసలు బొమ్మ వచ్చింది. కిటికీ దగ్గర పెట్టి ఇద్దరం చూశాం. చివరి స్టూలు మీద, నీలంలో, ఆయన. టోపీ ఒళ్లో ఉంది. బల్ల మీద పువ్వు అచ్చు వెన్న. హుల్డా రెండో కప్పులో కాఫీ పోస్తోంది. వెనకాల తలుపు బార్లా తీసి ఉంది. మూలన తొట్టి దగ్గర మోచేతుల దాకా నురగతో ఒక బక్కవాడు గిన్నెలు కడుగుతున్నాడు. నూట అరవై మూడు పత్రికల వాళ్లకీ ఆ ఇద్దరూ కనిపించలేదు. నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయల మీదికి తోశాను కానీ అప్పుడు ఇంట్లో ఉల్లిపాయలే లేవు.

ఫ్రేము కట్టించి హోటల్లో, చివరి స్టూలుకి ఎదురుగా పెట్టాం. జనం నల్ల గీతలే చూసి పోతున్నారు. నేను ఎవరికీ చెప్పలేదు.

సివర్ట్ గారు మాత్రం రోజూ దాని ముందు కూర్చుని, చెవులు ఇంకొంచెం చిన్నవి వేయాల్సిందని అంటున్నారు. నేను కొలిచి చూశాను. సరిగ్గానే ఉన్నాయి.

అక్క